హైస్కూల్ బాస్కెట్‌బాల్: విజిల్ ఎందుకు మోగింది, జనం ఎందుకు అరిచారు?

అమెరికాలో ఒక హైస్కూల్ జిమ్, జనవరి నెల శుక్రవారం రాత్రి. నాలుగో క్వార్టర్‌లో 40 సెకన్లు మిగిలి ఉన్నాయి, మన పిల్లవాడి జట్టు నాలుగు పాయింట్లు వెనుకబడి ఉంది. బంతి ప్రత్యర్థుల చేతిలో ఉంది. మన జట్టు కుర్రవాడొకడు పరుగున వెళ్లి బంతి కోసం చెయ్యి విసిరాడు, ఆ దెబ్బ బంతికి కాక ఎదుటివాడి ముంజేతికి తగిలింది. విజిల్ మోగింది. కోచ్ కోప్పడలేదు సరికదా, చప్పట్లు కొట్టాడు. ప్రత్యర్థులు గీత బయటి నుంచి బంతి లోపలికి అందించారో లేదో, మరో కుర్రవాడు అదే పని చేశాడు. మళ్లీ విజిల్, మళ్లీ చప్పట్లు. మూడోసారి కూడా అదే జరిగింది, అయితే ఈసారి ప్రత్యర్థి ఆటగాడు ఫ్రీ త్రో గీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మొదటి రెండుసార్లు ఇవ్వని ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుపడకుండా ఒక్కో పాయింటుకు రింగులోకి బంతి వేసే అవకాశాలు, మూడోసారి ఎందుకు ఇచ్చారు? తప్పు చేసిన పిల్లలను కోచ్ ఎందుకు మెచ్చుకున్నాడు?

టీవీలో వృత్తి బాస్కెట్‌బాల్ ఏళ్ల తరబడి చూసినవారు కూడా హైస్కూల్ ఆటకు మొదటిసారి వెళ్లినప్పుడు ఇలాంటి చోట్లే తికమకపడతారు. పేరు ఒకటే, రింగ్ ఎత్తు ఒకటే, నియమాలు మాత్రం వేరు. ప్రేక్షకుల్లో పుట్టే కోపంలో చాలా భాగం రిఫరీ పక్షపాతం వల్ల కాక, మనసులో ఒక నియమావళిని పెట్టుకుని మరో నియమావళి ప్రకారం జరిగే ఆటను చూడటం వల్ల వస్తుంది. పైగా ఇటీవలి సంవత్సరాలలో ఫౌల్‌ల, అంటే ఆటగాళ్లు చేసే తప్పుల లెక్క మారింది, ఇంత సమయంలో బంతి వేసి తీరాలని చెప్పే షాట్ క్లాక్ ఒక రాష్ట్రంలో ఉండి పక్క రాష్ట్రంలో లేని పరిస్థితి ఏర్పడింది. తామే ఒకప్పుడు హైస్కూల్‌లో ఆడిన తల్లిదండ్రులు సైతం ఇప్పుడు పక్కవారిని అడిగి తెలుసుకోవలసి వస్తోంది.

ఒకే ఆట, వేరు వేరు నియమావళులు

హైస్కూల్ ఆటలకు నియమాలు రాసే సంస్థను ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అంటారు. 1920లో మొదలైన ఈ జాతీయ సమాఖ్య కార్యాలయం ఇండియానాపొలిస్‌లో ఉంది. 50 రాష్ట్రాలలోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ ఉన్న పాఠశాల క్రీడా సంఘాలు ఇందులో సభ్యులు. సమాఖ్య నియమాలు రాస్తుంది, పోటీలను నడిపేది మాత్రం రాష్ట్ర సంఘాలే. కొన్ని విషయాలలో రాష్ట్రాలు తమకు తోచినట్లు నిర్ణయించుకునే వెసులుబాటు ఉంది. అందువల్ల "హైస్కూల్ నియమం ఇది" అని ఎవరైనా అన్నప్పుడు, ఏ రాష్ట్రంలో అన్న ప్రశ్న దాని వెంటే రావాలి.

కంటికి కనిపించే తేడాలు ముందు చూద్దాం. అమెరికా వృత్తి లీగ్ అయిన ఎన్‌బీఏలో ఆట 48 నిమిషాలు, పురుషుల కాలేజీ ఆట 40 నిమిషాలు, హైస్కూల్ ఆట 32 నిమిషాలు, అంటే ఎనిమిదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు. స్కోరు సమమైతే అదనపు సమయం నాలుగు నిమిషాలు. ప్రమాణమైన హైస్కూల్ కోర్టు పొడవు 84 అడుగులు, అంటే వృత్తి ఆటగాళ్ల కోర్టు కంటే 10 అడుగులు తక్కువ. మూడు పాయింట్ల గీత 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటుంది. రింగ్ మాత్రం అందరికీ 10 అడుగుల ఎత్తులోనే. బాలికల ఆటలో బంతి చుట్టుకొలత దాదాపు 28.5 అంగుళాలు, బాలుర ఆటలో దాదాపు 29.5 అంగుళాలు. ఐదు ఫౌల్‌లు చేసిన ఆటగాడు బయటికి వెళ్లిపోవాలి, ఎన్‌బీఏలో ఆ సంఖ్య ఆరు.

ఆట తీరునే మార్చేసే తేడా ఒకటి ఉంది, అది చప్పున కంటికి ఆనదు. ఎన్‌బీఏలో ఎవరికీ కాపలా కాయని డిఫెండర్ రింగ్ ముందున్న రంగు వేసిన ప్రాంతంలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. హైస్కూల్‌లో ఆ నిషేధం లేదు. పొడవైన కుర్రవాడొకడు ఆట పొడుగునా రింగ్ కిందే నిలబడి ఉండవచ్చు. మూడు సెకన్ల నియమం వర్తించేది దాడి చేస్తున్న జట్టుకు మాత్రమే. "మూడు సెకన్లు! మూడు సెకన్లు!" అంటూ డిఫెండర్‌ను చూపించి అరిచేవారు మరో నియమావళిని ఇక్కడికి తెచ్చుకున్నారన్నమాట.

ఆ సాయంత్రం ఎలా సాగుతుంది

ఒక రాత్రిలో సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ ఆటలు జరుగుతాయి. పాఠశాల ప్రధాన జట్టును వార్సిటీ అంటారు, దాని కింద జూనియర్ వార్సిటీ, దాని కింద తొమ్మిదో తరగతి పిల్లల జట్టు ఉంటాయి. చిన్న జట్లు ముందు ఆడతాయి, వార్సిటీ చివర ఆడుతుంది. టికెట్ మీద ఉన్న సమయానికి వెళ్లి తమ పిల్లవాడి ఆట అప్పటికే అయిపోయిందని తెలుసుకునే తల్లిదండ్రులు ఉంటారు, కాబట్టి ఏ జట్టు ఏ వేళకు ఆడుతుందో ముందే కనుక్కోవడం మేలు.

బాలికల వార్సిటీ, బాలుర వార్సిటీ ఒకే రాత్రి ఆడే చోట ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. జనం ఎక్కువగా వచ్చే శుక్రవారం రాత్రులను బాలుర జట్లకే కేటాయించి, బాలికల ఆటలను మరుసటి రోజు బడి ఉండే రాత్రులకు నెట్టడం విద్యలో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ 9 చట్టానికి విరుద్ధమా అన్న వివాదం ఇండియానా నుంచి ఏడవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. ఆ ఫిర్యాదు విచారణకు నిలుస్తుందని 2012లో కోర్టు చెప్పింది. ఖాళీ బెంచీల ముందు ఆడటానికీ, నిండిన జిమ్‌లో ఆడటానికీ తేడా ఎంత ఉంటుందో ఆడే పిల్లలకు బాగా తెలుసు.

జిమ్‌లోకి అడుగుపెట్టగానే కనిపించేది గోడలోంచి బయటికి లాగిన మెట్ల వరుసలు, ఒకవైపు గుంపుగా నిలబడి అరిచే విద్యార్థుల విభాగం, మూలన బ్యాండు మేళం. ఆట నడుస్తుండగా ఆ బ్యాండు మోగదు. వాయిద్యాలూ, మైకుల్లో పాటలూ, బూరలూ టైమౌట్లలోనూ విరామంలోనూ తప్ప మోగకూడదని సమాఖ్య నియమం. నోటితో ఎంత అరిచినా ఆ నియమం అడ్డు రాదు.

ఇంకో సంగతి. రిఫరీల అధికారం బంతి గాలిలోకి లేచినప్పుడు కాక, ఆటకు కనీసం 15 నిమిషాల ముందు వారు కోర్టు మీదికి వచ్చినప్పుడే మొదలవుతుంది. ఆ వేళ ఎవరైనా కుర్రవాడు ఉత్సాహం పట్టలేక ఎగిరి బంతిని రింగులోకి దిగ్గొడితే, అంటే డంక్ చేస్తే, అది టెక్నికల్ ఫౌల్, అంటే ఎదుటివాడిని తాకకపోయినా ప్రవర్తనకు వేసే ఫౌల్. అప్పుడు ఆట ఎప్పటిలా జంప్ బాల్‌తో, అంటే ఇద్దరు ఆటగాళ్ల మధ్య బంతిని పైకి ఎగరేయడంతో మొదలవదు. గడియారం కదలకముందే ప్రత్యర్థికి రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బంతి కూడా ఇస్తారు. ఆలస్యంగా వచ్చి కూర్చున్నవారికి ఒక జట్టు ఆడకుండానే 2-0 ఆధిక్యంలో ఎందుకుందో అర్థం కాకపోవడం సహజం.

ఫౌల్ లెక్క: అన్నిటికంటే ఎక్కువ తికమక ఇక్కడే

స్కోర్‌బోర్డు మీద రెండు జట్ల స్కోర్ల కింద ఫౌల్‌ల సంఖ్య చిన్న అంకెలో కనిపిస్తుంది. ఆట చివర్లో స్కోరు తర్వాత చూడవలసింది దాన్నే.

మౌలికమైన సూత్రం ఇది. బంతిని రింగ్ వైపు వేస్తున్న ఆటగాడి మీద ఫౌల్ చేస్తే అతనికి రెండు ఫ్రీ త్రోలు, మూడు పాయింట్ల గీత బయట నుంచి వేస్తున్నప్పుడైతే మూడు ఇస్తారు. ఫౌల్ జరిగినా బంతి రింగులో పడితే ఆ పాయింట్లు ఇచ్చి, అదనంగా ఒక ఫ్రీ త్రో ఇస్తారు. బంతి వేయని సమయంలో, ఉదాహరణకు బంతిని నేలకు కొడుతూ డ్రిబుల్ చేస్తుండగా ఫౌల్ జరిగితే, మామూలుగా బంతిని గీత బయటి నుంచి లోపలికి అందించే అవకాశం మాత్రమే దక్కుతుంది. అయితే ఒక జట్టు చేసిన మొత్తం ఫౌల్‌లు ఒక హద్దు దాటితే, ఆపై ప్రతి మామూలు ఫౌల్‌కూ ప్రత్యర్థికి ఫ్రీ త్రోలు వస్తాయి. ఈ స్థితినే బోనస్ అంటారు. దాడి చేస్తున్న జట్టే ఫౌల్ చేస్తే మాత్రం బోనస్‌లో ఉన్నా ఫ్రీ త్రోలు ఉండవు, బంతి చేతులు మారుతుంది.

2022-23 దాకా సమాఖ్య నియమం ప్రకారం ఈ లెక్క సగం ఆటకు ఒకసారి జరిగేది. ఒక సగంలో ఏడో ఫౌల్ నుంచి "వన్ అండ్ వన్" వచ్చేది. అంటే మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది దక్కుతుంది, పడకపోతే బంతి కోసం రెండు జట్లూ ఎగబడతాయి. పదో ఫౌల్ నుంచి ఖాయంగా రెండు ఫ్రీ త్రోలు. 2023-24 నుంచి వన్ అండ్ వన్ తీసేశారు. ఇప్పుడు ప్రతి క్వార్టర్‌కూ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఆ క్వార్టర్‌లో ఐదో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు.

ఈ మార్పు విలువ ఎంతో ఒక లెక్కతో చూద్దాం. వందకు 60 ఫ్రీ త్రోలు వేయగల ఆటగాడిని తీసుకోండి. వన్ అండ్ వన్‌లో అతను మొదటిది తప్పే అవకాశం 40 శాతం, అప్పుడు పాయింట్లు సున్నా. మొదటిది వేసి రెండోది తప్పే అవకాశం 24 శాతం, అప్పుడు ఒక పాయింటు. రెండూ వేసే అవకాశం 36 శాతం, అప్పుడు రెండు పాయింట్లు. అలాంటి వంద సందర్భాలలో సగటున 96 పాయింట్లు వస్తాయి. ఖాయంగా రెండు వేయనిస్తే అదే ఆటగాడికి 120 పాయింట్లు వస్తాయి. వెనుకబడిన జట్టు కావాలని ఫౌల్ చేసి, ఎదుటివాడు మొదటిదే తప్పుతాడని ఆశపడే పాత ఎత్తుగడ బలం ఈ తేడా మేరకు తగ్గింది.

సమాఖ్య చెప్పిన కారణాలు వేరు: తప్పిన ఫ్రీ త్రో తర్వాత రీబౌండ్ కోసం, అంటే తిరిగి వచ్చే బంతి కోసం జరిగే తోపులాటలను, వాటివల్ల తగిలే దెబ్బలను తగ్గించడం, ఆట ఆగకుండా సాగేలా చూడటం. ఒత్తిడిలో ఆ మొదటి ఫ్రీ త్రో వేయడంలోనే ఆటగాడి నిబ్బరం తెలిసేదని, దాన్ని తీసేసి ఆటలో ఒక ఉత్కంఠను పోగొట్టారని బాధపడేవారున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. జిమ్ మొత్తం ఊపిరి బిగబట్టే ఆ క్షణం ఇక రాదు. అయితే క్వార్టర్ మొదట్లోనే లెక్క సున్నా కావడం వల్ల, ఒక చెడ్డ రెండు నిమిషాల మూల్యాన్ని పిల్లలు సగం ఆటంతా చెల్లించవలసిన అవస్థ తప్పింది.

ఇప్పుడు మొదటి దృశ్యానికి వద్దాం. 40 సెకన్లు మిగిలి ఉండగా మన జట్టు ఆ క్వార్టర్‌లో చేసిన ఫౌల్‌లు రెండే. మూడో ఫౌల్‌కు ఫ్రీ త్రో లేదు, నాలుగో దానికీ లేదు. గడియారం ఆగింది, రెండుసార్లు ప్రత్యర్థులు బంతిని మళ్లీ లోపలికి అందించవలసి వచ్చింది, ఆ అందింపులో పొరపాటు జరిగితే బంతి మనకు దక్కే అవకాశం రెండుసార్లు వచ్చింది. ఐదో ఫౌల్‌తో బోనస్ మొదలైంది. కోచ్ చప్పట్లు కొట్టింది తన జట్టు లెక్క మరిచిపోకుండా ఆడినందుకు.

ఆ కుర్రవాడు బంతి వైపు చెయ్యి విసరకుండా ఎదుటివాడిని వెనుక నుంచి వాటేసుకుని ఆపి ఉంటే కథ వేరుగా ఉండేది. బంతి కోసం ప్రయత్నం లేకుండా చేసిన ఫౌల్‌ను ఉద్దేశపూర్వక ఫౌల్‌గా పరిగణించి రెండు ఫ్రీ త్రోలతో పాటు బంతిని కూడా ప్రత్యర్థికే ఇస్తారు. మనసులో ఉద్దేశం రెండు సందర్భాలలోనూ ఒకటే కదా అని ఎవరైనా అడగవచ్చు. రిఫరీ చూసేది మనసును కాదు, చేతి కదలికను. ఈ నియమంలో తీర్పు కష్టమైనది, వాదన న్యాయమైనది కూడా ఇక్కడే.

బల్ల మీది బాణం

ఇద్దరు ఆటగాళ్లు బంతిని ఒకేసారి గట్టిగా పట్టుకుని వదలకపోతే ఎన్‌బీఏలో ఆ ఇద్దరి మధ్యా బంతిని పైకి ఎగరేస్తారు. హైస్కూల్‌లో ఆట మొదట్లోనూ, అదనపు సమయం మొదట్లోనూ తప్ప జంప్ బాల్ ఉండదు. స్కోరర్ బల్ల మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. అది ఎటు చూపిస్తే ఆ జట్టుకు బంతి. ఆరంభంలో జంప్ బాల్‌తో బంతి దక్కని జట్టు వైపు బాణం తిరుగుతుంది, ఆపైన ప్రతిసారీ వంతులవారీగా మారుతుంది. రెండు, మూడు, నాలుగు క్వార్టర్ల మొదట్లో బంతి ఎవరిదో చెప్పేదీ ఆ బాణమే.

మన అమ్మాయి నేల మీద పడి, మోచేతులు కొట్టుకుపోయినా బంతి వదలకుండా పట్టుకుంది, జిమ్ అంతా లేచి నిలబడింది, రిఫరీ రెండు బొటనవేళ్లు పైకెత్తి చూపించి బంతిని ప్రత్యర్థికి ఇచ్చారు. ఆమె తెగువకు విలువ లేదా అనిపిస్తుంది. విలువ ఉంది: ఆమె బాణాన్ని వాడించింది, వచ్చేసారి అది మనవైపు ఉంటుంది. చివరి నిమిషంలో బాణం ఎటుందో చూసుకుని పిల్లలకు చెప్పడం మంచి కోచ్‌ల అలవాటు.

నియమావళిలో లేని ఫౌల్‌లు

మెట్ల వరుసల మీద ఎక్కువగా వినిపించే కేకల్లో ఒకటి "ఓవర్ ద బ్యాక్". ఆ పేరుతో నియమం లేదు. పొడవైన ఆటగాడు పొట్టివాడి వెనుక నిలబడి, అతనికి తగలకుండా తల మీదుగా బంతి అందుకుంటే అది తప్పు కాదు. నెడితేనే ఫౌల్. "రీచ్ ఇన్" కూడా అంతే, చెయ్యి చాపడం నేరం కాదు, చెయ్యి తగిలి ఎదుటివాడికి అన్యాయం జరిగితేనే ఫౌల్. మరో విషయం, బంతిని పట్టుకున్న చేతిని బంతిలో భాగంగానే చూస్తారు. ఆ చేతి మీద ఫట్‌మని దెబ్బ తగిలిన చప్పుడు పై వరుసల దాకా వినిపించినా అది ఫౌల్ కాకపోవచ్చు. కాస్త పైన మణికట్టుకు తగిలితే ఫౌల్. ఈ రెండు అంగుళాల తేడా కోర్టు మీద ఉన్నవారికే తెలుస్తుంది, మనకు వినిపించేది చప్పుడు మాత్రమే.

"ట్రావెల్", అంటే బంతి పట్టుకుని నియమం మించి కదలడం, విషయం మరీ సున్నితం. నేల మీద పడిన ఆటగాడు బంతితో పాటు ఆ ఊపులో జారిపోతే ట్రావెల్ కాదు. ఆగిన తర్వాత పొర్లినా, బంతిని డ్రిబుల్ చేయకుండా పైకి లేవబోయినా ట్రావెల్. అదే నేల, అదే బంతి, సెకను తేడాలో తీర్పు మారిపోతుంది.

షాట్ క్లాక్: ఇప్పటికీ తెగని వాదన

దాడి చేసే జట్టు నిర్ణీత సమయంలో బంతిని రింగ్ వైపు వేసి తీరాలని చెప్పేది షాట్ క్లాక్. ఎన్‌బీఏ దీన్ని 1954లో తెచ్చింది. 1950 నవంబరులో ఒక ఆట 19-18తో ముగియడం వంటి అనుభవాలు దానికి నేపథ్యం. ఆటకు రెండు జట్లూ కలిపి 120 షాట్లు వేస్తే బాగుంటుందన్న అంచనాతో, 48 నిమిషాల్లోని 2,880 సెకన్లను 120తో భాగించి 24 సెకన్లని నిర్ణయించారు.

చిత్రంగా, హైస్కూల్ బాస్కెట్‌బాల్ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునే ఆట కూడా 1954లోనే జరిగింది, అది షాట్ క్లాక్ లేకపోవడం వల్లే సాధ్యమైంది. ఇండియానా రాష్ట్ర ఫైనల్‌లో 161 మంది విద్యార్థులున్న మైలన్ హైస్కూల్, చాలా పెద్దదైన మన్సీ సెంట్రల్‌ను 32-30తో ఓడించింది. నాలుగో క్వార్టర్‌లో మైలన్ ఆటగాడు బాబీ ప్లంప్ నాలుగు నిమిషాలకు పైగా బంతిని పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చివరి క్షణాల్లో గెలుపు షాట్ వేసిందీ అతనే. షాట్ క్లాక్ వద్దనేవారి వాదనకు గుండెకాయ ఇదే: చిన్న బడి పెద్ద బడిని ఎదిరించడానికి ఉన్న కొద్దిపాటి ఆయుధాల్లో నిదానం ఒకటి. దానికి తోడు ఖర్చు ఉంది. జిమ్‌కు రెండు గడియారాలు అమర్చాలి, ప్రతి ఆటకూ దాన్ని సరిగా నడిపే మనిషి కావాలి. స్కోరు రాసేందుకే సాయం దొరకని ఊళ్లలో ఇది ఒట్టి సాకు కాదు.

కావాలనేవారు చూపించే ఉదాహరణలూ బలమైనవే. 2023లో ఒక్లహామాలో ఒక హైస్కూల్ ఆట 4-2తో ముగిసింది. టికెట్ కొన్నవారి సంగతి అటుంచి, ఆడటానికి వచ్చిన పిల్లలు ఆ రాత్రి ఏం ఆడినట్లు? అంతకుమించిన కారణం ఆట చివర్లో కనిపిస్తుంది. ఒక జట్టు మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉంది, చేతిలో బంతి ఉంది, 70 సెకన్లు మిగిలాయి అనుకుందాం. షాట్ క్లాక్ లేకపోతే ఆ జట్టు బంతిని అటూ ఇటూ పాస్ చేస్తూ కాలం గడపవచ్చు, వెనుకబడిన జట్టుకు ఫౌల్ చేయడం తప్ప వేరే దారి తక్కువ. 35 సెకన్ల గడియారం ఉంటే ఆధిక్యంలో ఉన్న జట్టు షాట్ వేసి తీరాలి, అది తప్పితే ఎదుటి జట్టుకు దాదాపు 35 సెకన్లు మిగులుతాయి. ఫౌల్ చేయకుండానే, మంచి డిఫెన్స్ ఆడి ఆటలోకి తిరిగి రావచ్చు.

షాట్ క్లాక్ లేని చోట కూడా బంతి పట్టుకుని ఊరికే నిలబడటానికి పూర్తి స్వేచ్ఛ లేదు. డిఫెండర్ ఆరడుగుల లోపు వచ్చి కాపలా కాస్తుంటే, కోర్టులో ముందు సగంలో, అంటే బంతి వేయవలసిన రింగ్ ఉన్న వైపు, ఐదు సెకన్లకు మించి బంతిని పట్టుకోకూడదు. కాబట్టి నిదానపు ఆటను విడగొట్టే బాధ్యత కొంత డిఫెండర్ల మీద కూడా ఉంటుంది. వారు దూరంగా వెనుక నిలబడితే రిఫరీ లెక్కపెట్టరు.

ఈ రెండు వాదాల మధ్య సమాఖ్య మధ్యేమార్గం పట్టింది. 2022-23 నుంచి 35 సెకన్ల షాట్ క్లాక్ వాడుకునే వీలును రాష్ట్రాలకు ఇచ్చింది, తప్పనిసరి చేయలేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, మసాచుసెట్స్ వంటివి అంతకుముందే తమంతట తాము వాడుతున్నాయి. ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలు చేరాయి. పొరుగు రాష్ట్రపు టోర్నమెంటుకు వెళ్లిన జట్టు రాత్రికి రాత్రి మరో తరహా ఆట ఆడవలసి వస్తుందన్నమాట.

ప్రేక్షకుడి అధికారం ఎంతవరకు

ప్రేక్షకుల ప్రవర్తనకు మొదటి బాధ్యత ఆతిథ్య పాఠశాలది. అందుకే జిమ్‌లో పాఠశాల తరఫున ఒక నిర్వాహకుడు ఉంటారు, ఎవరినైనా బయటికి పంపవలసి వస్తే రిఫరీలు ఆ పని సాధారణంగా వారి ద్వారానే చేయిస్తారు. అయితే ఒక జట్టు మద్దతుదారులు ఆట సాగకుండా చేస్తే, ఆ జట్టు మీదే ఫౌల్ వేసే అధికారం కూడా నియమావళి రిఫరీలకు ఇచ్చింది. ఆచితూచి వాడాలని అదే నియమం హెచ్చరిస్తుంది, ఎందుకంటే తండ్రి చేసిన పనికి కొడుకు జట్టు రెండు పాయింట్లు పోగొట్టుకోవడం న్యాయమా అన్న ప్రశ్న చిన్నది కాదు. వేరే దారి లేనప్పటికే ఆ అధికారం.

టికెట్ కొన్నాం కాబట్టి అరిచే హక్కు ఉందన్నది ఒక వాదన. జట్టును ఉత్సాహపరిచే అరుపుకు అది సరిపోతుంది. కానీ కోర్టు మీద ఉన్నవారు జీతం తీసుకునే వృత్తి ఆటగాళ్లు కాదు, 15, 16 ఏళ్ల పిల్లలు. రిఫరీలలో చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసి సాయంత్రం విజిల్ పట్టుకునేవారు. 2018-19 తర్వాతి కొద్ది సంవత్సరాలలో అన్ని హైస్కూల్ క్రీడలలో కలిపి సుమారు 50,000 మంది రిఫరీలు, అంపైర్లు తప్పుకున్నారని సమాఖ్య చెప్పింది. కోవిడ్ ఒక కారణం, ప్రేక్షకుల దురుసుతనం మరొకటి. రిఫరీలు దొరక్క ఆటల తేదీలు మార్చుకుంటున్న బడులున్నాయి. రిఫరీల తప్పులను అసలు ప్రశ్నించకూడదా అంటే, ప్రశ్నించే దారి ఉంది: కోచ్ ద్వారా, ఆట తర్వాత పాఠశాల ద్వారా రాష్ట్ర సంఘానికి చెప్పవచ్చు. అది నెమ్మదైన దారి అని, దానివల్ల ఆ రాత్రి స్కోరు మారదని తల్లిదండ్రులు అసంతృప్తి చెందడంలోనూ అర్థం ఉంది.

చివరి బజర్ మోగగానే ఆట అయిపోయిందనుకుని కోర్టు మీదికి దిగేవారు ఒక నియమం తెలుసుకోవాలి. రిఫరీలు కనుచూపు మేర దాటి వెళ్లేదాకా వారి అధికారం కొనసాగుతుంది, స్కోరు ఖరారయ్యేది కూడా అప్పుడే. ఒక్క పాయింటు తేడాతో గెలిచిన జట్టు బెంచ్ మీదివారు ఆ వ్యవధిలో రిఫరీని దూషిస్తే టెక్నికల్ ఫౌల్ పడుతుంది. ఆ ఫ్రీ త్రోలు ఫలితాన్ని మార్చగలవు కాబట్టి వాటిని వేయించి తీరాలి. సంబరం సగంలో ఆగిపోతుంది, జనాన్ని గీతల వెనక్కి పంపుతారు, సున్నాలు చూపిస్తున్న గడియారం కింద ప్రత్యర్థి ఆటగాడు ఒంటరిగా ఫ్రీ త్రో గీత దగ్గరికి నడుస్తాడు.